ఊరికే తిరగడం: కష్టకాలంలో స్త్రీలూ, వీడియో గేముల లోకాలూ

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



‘తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు’ అని మనకొక సామెత ఉంది. దీన్ని ఎవరో ఒకరి నోట వినని వాళ్ళు ఈ హాల్లో ఉండరనుకుంటాను. మగపిల్లవాడు పనిలేకుండా తిరిగితే ‘బలాదూరు’ అంటారు. ఆ మాటలో కోపం ఉన్నా కాస్త ముద్దు కూడా ఉంటుంది. ఆడపిల్లని ‘తిరుగుబోతు’ అంటే మాత్రం అది తిట్టు, ఆమె శీలం మీద ఇచ్చేసిన తీర్పు. తిరగడం అనే ఒక్క క్రియకి మన భాష ఇద్దరికీ రెండు వేర్వేరు అర్థాలు పంచిపెట్టింది. నేనివాళ మాట్లాడబోయేది వీడియో గేముల గురించే. అయినా ఇక్కడ మొదలుపెడుతున్నాను. ఎందుకంటే నాకు అర్థమైనంతవరకు ఇది యంత్రాలకి సంబంధించిన విషయం కన్నా తిరగడానికి సంబంధించిన విషయం.

గృహహింస కేసులతో తల మునకలవుతున్న మనకి ఈ పిల్లలాటల ఉపన్యాసం ఎందుకని నిన్న భోజనాల దగ్గర ఒక అక్క అడిగారు. సరైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పే ప్రయత్నమే ఈ ప్రసంగం.

మనలో చాలామందికి వీడియో గేమ్ అంటే పిల్లలు ఫోన్లో పేల్చే తుపాకులు. కాబట్టి నేను మాట్లాడుతున్న ఆట ఎలాంటిదో ముందు చెప్పాలి. వైకుంఠపాళి తీసుకోండి. దారి ముందే గీసి ఉంటుంది. పందెం ఎంత పడితే అన్ని గళ్ళు నడవాలి, నిచ్చెన వస్తే ఎక్కాలి, పాము నోట పడితే దిగాలి. తొలి తరం వీడియో గేములు చాలావరకు ఈ బాపతువే. ‘ఓపెన్ వరల్డ్’ అని పిలిచే ఆటల తీరు వేరు. వాటిలో ఒక దేశం దేశమే ఉంటుంది. కొండలు, వాగులు, ఊళ్ళు, అడవులు, ఎండ, వాన, రాత్రి, పగలు అన్నీ ఉంటాయి. నడిపించే కథ ఒకటి ఉంటుంది కానీ అది మనకోసం ఆగుతుంది. దాన్ని పక్కనపెట్టి ఏటిగట్టు వెంట నడిచిపోవచ్చు, గుర్రమెక్కి ఎటో పోవచ్చు, పుట్టగొడుగులు ఏరుకొచ్చి వండుకోవచ్చు, చెట్టుకింద కూర్చుని వాన తగ్గేదాకా చూడొచ్చు. ఎక్కడికెళ్ళావు, ఎవరితో వెళ్ళావు, ఇంత ఆలస్యం ఎందుకయింది అని అడిగేవాళ్ళు ఉండరు.

2017 మార్చిలో జపాన్ కంపెనీ నింటెండో ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ అనే ఆటని విడుదల చేసింది. నేను బాగా ఎరిగినది అదే కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. వందేళ్ళ కిందట ఒక రాజ్యం నాశనమైంది. లింక్ అనే యువకుడు నూరేళ్ళ నిద్ర తర్వాత ఒక గుహలో కళ్ళు తెరుస్తాడు. బయటికొచ్చి చూస్తే ఎదురుగా పచ్చటి లోకం, మధ్యమధ్య శిథిలాలు. కనిపించే ఏ కొండనైనా ఎక్కొచ్చు. ఓపిక అయిపోతే జారిపడతాం, వాన పడితే రాయి తడిసి పట్టు దొరకదు. మిగిలిన కథ ఏమిటంటే, రాకుమారి జెల్డా కోట లోపల ఆ రాక్షసశక్తిని వందేళ్ళుగా ఒంటరిగా అదిమిపట్టి ఉంచింది. వీరుడొచ్చి విడిపించాలి. వీరుడేమో వంటలు చేసుకుంటూ, గుర్రాలు మచ్చిక చేసుకుంటూ తాపీగా తిరుగుతుంటాడు! ఇంట్లో మొత్తం భారం మోస్తున్నదెవరు, ఊరు తిరిగొచ్చి పేరు తెచ్చుకునేదెవరు అన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి బొమ్మ మన స్త్రీవాద పాఠాల్లో కూడా దొరకదు. 1986లో మొదలైన ఈ వరుసలో రాకుమారి తానే ప్రధాన పాత్రగా ఆడే అసలు ఆట రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు!

ఈ ఆటకి మూలం ఒక చిన్నపిల్లవాడి తిరుగుడు. దాని సృష్టికర్త షిగెరు మియామొతో జపాన్‌లో క్యోటో దగ్గర సొనోబె అనే పల్లెలో పెరిగారు. చిన్నప్పుడు ఒక్కడే కొండల్లో, చెట్లల్లో తిరగడం, ఒక గుహని కనిపెట్టి లాంతరు పట్టుకుని లోపలికి వెళ్ళడం, ఆ భయం, ఆ ఆశ్చర్యం తన ఆటల్లోకి వచ్చాయని ఆయనే చాలాసార్లు చెప్పారు. నాకు ఆయన మీద కోపమేమీ లేదు. కానీ ఒక్కమాట అడగాలి. ఆ వయసులో లాంతరు పట్టుకుని ఒంటరిగా గుహలోకి వెళ్ళగలిగిన ఆడపిల్లలు మనలో ఎందరు? మన పల్లెల్లో రజస్వల అయ్యేదాకా చెరువు గట్టు, మామిడితోట కొంతవరకు మనవే. ఆ తర్వాత అవి అన్నదమ్ములవైపోతాయి. మగపిల్లలకి పెద్దయ్యాక అది తీపి జ్ఞాపకం. మనకి తెగిపోయిన దారి.

లెక్కలు కూడా ఇదే చెబుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బజారుకి, ఆస్పత్రికి, ఊరు దాటి బయటికి, ఈ మూడు చోట్లకీ ఒంటరిగా వెళ్ళడానికి అనుమతి ఉన్న స్త్రీలు 42 శాతమే అని తేలింది. ‘అనుమతి’ అనే ఆ పదాన్ని ఒకసారి గమనించండి. పైగా ఆ మూడూ పని ఉన్న చోట్లు. పని లేకుండా ఊరికే తిరిగి రావడం గురించి ఏ సర్వే అడగదు. ముంబాయిలో పరిశోధించిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ‘వై లాయిటర్’ అనే పుస్తకంలో సరిగ్గా ఈ అంశమే తీసుకున్నారు. స్త్రీ బయటికి రావాలంటే చేతిలో సంచీనో, పక్కన పిల్లవాడో, చెవి దగ్గర ఫోనో ఉండాలి, తాను పని మీద వచ్చానని లోకానికి చూపిస్తూ ఉండాలి. కారణం లేకుండా బయట నిలబడే హక్కు లేకపోతే పౌరసత్వం సగమే అన్నది వాళ్ళ వాదన. మనం భద్రత గురించి అడిగినంత గట్టిగా ఈ హక్కు గురించి అడగలేదు. భద్రత పేరు చెప్పి మనల్ని తిరిగి ఇంట్లోనే కూర్చోబెట్టడం తేలిక కదా.

అసలు ఊహాలోకంలో తిరగడం మన ఉద్యమానికి కొత్త కాదు. 1905లో రొకియా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథని మద్రాసులో కమలా సత్యనాథన్ నడిపిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో ప్రచురించారు. పరదాలో పెరిగిన స్త్రీ కలలో పట్టపగలు వీధిలో నడుస్తుంది. మగవాళ్ళంతా ఇళ్ళలో మూతపడి ఉంటారు. నూట ఇరవయ్యేళ్ళ కిందట ఆమె మొదట ఊహించుకున్నది పదవీ కాదు, ఆస్తీ కాదు, వీధిలో భయం లేకుండా నడవడం. నేను చెప్పిన జెల్డా ఆటలో ఎడారి మధ్య ‘గెరుడో’ అనే పట్నం ఉంది. అందులోకి మగవాళ్ళకి ప్రవేశం లేదు. వీరుడంతటివాడు కూడా ఆడబట్టలు కట్టుకుని లోపలికి పోవాల్సిందే. ఆ పట్నంలో రాత్రిపూట దీపాల మధ్య అటూ ఇటూ నడుస్తున్నప్పుడు నాకు రొకియా గుర్తొచ్చింది.

ఇక కష్టకాలం సంగతి. 2020 మార్చి 20న నింటెండో ‘యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్’ అనే మరో ఆట విడుదల చేసింది. అప్పటికే చాలా దేశాల్లో కోవిడ్ తలుపులు మూయించింది. చిన్న దీవి, జంతువుల ఇరుగుపొరుగు, చేపలు, పళ్ళు, సముద్రం. గెలవడానికీ ఓడడానికీ ఏమీ లేదు. మొదటి ఆరు వారాల్లో కోటీ ముప్ఫై నాలుగు లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ దీవిలో ఇల్లు కట్టుకోవడానికి అప్పిస్తారు. వడ్డీ లేదు, గడువు లేదు, వాయిదా తప్పితే గుమ్మంలో వచ్చి కూర్చునేవాళ్ళు లేరు. 2010లో మన పల్లెల్లో మైక్రోఫైనాన్స్ ఏజెంట్లని చూసిన మనకి అదొక్కటి చాలు, ఇది నిజంగా ఊహాలోకమే అనడానికి!

అదే మార్చి 25 నుంచి మన దేశంలోనూ లాక్‌డౌన్. కొట్టే మనిషితోనే రోజంతా ఒకే గదిలో ఉండాల్సి వచ్చిన స్త్రీల ఫోన్లు ఇక్కడ మీలో చాలామంది అందుకున్నారు. జాతీయ మహిళా కమిషన్ ఏప్రిల్‌లో గృహహింస ఫిర్యాదుల కోసం ప్రత్యేకంగా వాట్సాప్ నంబరు పెట్టాల్సి వచ్చింది. ఆ రోజుల్లో స్త్రీలు తమని తాము ఎలా నిలబెట్టుకున్నారు అన్నది నేను ఆ తర్వాత చాలామందిని అడుగుతూ వచ్చాను. పూజలు, సీరియళ్ళు, కుట్లు, మొక్కలు అన్నారు. కొంతమంది సిగ్గుపడుతూ, గొంతు తగ్గించి, ఆట అన్నారు. ఆ సిగ్గే నన్ను ఈ విషయంలోకి లాగింది.

పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారికి ఏళ్ళ తరబడి సేవ చేసిన ఒకావిడ ఉన్నారు. రాత్రి పదకొండున్నరకి ఆఖరి మందు వేశాక ఆవిడ తన మామూలు ఫోన్లో బస్సు నడిపేవారు. ‘బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా’ అని 2017లో వచ్చిన ఆట అది. బస్సుకి మనకి నచ్చిన రంగులు వేసుకోవచ్చు. ఆవిడ మన ఆర్టీసీ బస్సు రంగులు వేసుకున్నారు. జీవితంలో స్కూటరు కూడా నడపని మనిషి. “ఎక్కడికి పోతారండీ బస్సులో?” అని అడిగాను. “ఎక్కడికీ కాదమ్మా, రోడ్డు ఉన్నంతవరకు” అన్నారు. వైద్యుల భాషలో దీన్ని ఏమంటారో నాకు తెలుసు, ఒత్తిడి నుంచి ఉపశమనం అంటారు. కానీ ఆవిడ మాటలో ఉపశమనం కన్నా పెద్దదేదో ఉంది. రోజంతా ఇంకొకరి ఒంటి అవసరాల చుట్టూ తిరిగిన మనిషికి ఒక అరగంట స్టీరింగు తన చేతిలో ఉండడం.

నా సంగతీ ఒకమాట చెప్పాలి. 2021 మేలో మా అమ్మ కోవిడ్‌తో పోయింది. కర్మకాండకి మనుషులు రాకూడని రోజులు. మా అక్క కొడుకు తన ఆట యంత్రం నా దగ్గర వదిలి, “పిన్నీ, నిద్ర పట్టకపోతే ఇది ఆడు, చావకుండా ఆడాలనేమీ లేదు, చస్తే మళ్ళీ లేస్తావు” అన్నాడు. ఆ వయసువాళ్ళకి ఓదార్చడం రాదంటారు గానీ, ఆ నెలలో నాకు చెప్పిన మాటల్లో పనికొచ్చింది అదొక్కటే. రెండు మూడు నెలలు రాత్రుళ్ళు కొండలెక్కాను. చదవడానికి మనసు నిలవదు, సినిమా చూస్తే అందులో ఎవరో ఒకరు ఏడుస్తారు, మనుషులతో మాట్లాడితే వాళ్ళని నేను ఓదార్చాల్సి వస్తుంది. అక్కడ ఆ బెడద లేదు. చేతులకి పని ఉంది. కట్టెలు ఏరితే మంట వెలుగుతుంది, గిన్నెలో నాలుగు వేస్తే వంట అవుతుంది, తూర్పుకి తిరిగి కూర్చుంటే తెల్లవారుతుంది. చేసిన పనికి ఫలితం కనిపించడం ఆ రోజుల్లో ఆస్పత్రి వరండాల్లో ఎవరికీ దొరకని భాగ్యం. పైగా ఆ లోకం కూడా పెద్ద వినాశనం తర్వాతిదే. శిథిలాల మీద గడ్డి మొలిచి ఉంటుంది. అంతా బావుందని అది అబద్ధమాడదు.

ఇది పలాయనం కాదా అంటే, అవును, పలాయనమే. జైలు నుంచి తప్పించుకునే ఖైదీని, యుద్ధంలోంచి పారిపోయే సైనికుణ్ణి ఒకే గాటన కట్టకూడదని రచయిత టోల్కీన్ 1939లో ఒక ఉపన్యాసంలో అన్నారు. మనం కూడా ఆ తేడా చూడాలి. అమెరికాలో జానిస్ రాడ్వే 1984లో ప్రేమ నవలలు చదివే గృహిణుల మీద ఒక పరిశోధన ప్రచురించింది. పుస్తకాల్లో ఏముందన్నది అటుంచి, చదవడం అనే పనే వాళ్ళకి ముఖ్యమని ఆమె గమనించింది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంటే ఆ కాసేపు ఆమె ఎవరికీ అందుబాటులో లేదన్నమాట. మన దగ్గర అద్దెపుస్తకాల షాపుల కాలంలో యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివే ఆడవాళ్ళని పండితులూ, విప్లవకారులూ కలిసికట్టుగా ఎగతాళి చేశారు. ఆ నవలల్లోని ఆరడుగుల అందగాళ్ళ గురించి నాకూ అభ్యంతరాలున్నాయి. కానీ పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఒక చేత్తో పుస్తకం పట్టుకుని నిలబడ్డ ఆ స్త్రీ, ఇరవై నిమిషాలు తనవి చేసుకోవడానికి ఎంత పోరాడిందో ఆ ఎగతాళి చేసినవాళ్ళు చూడలేదు.

ఆ ఇరవై నిమిషాలూ ఎక్కడినుంచి వస్తాయి? 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. అదే పని చేసే పురుషులు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. అయిదేళ్ళలో మగవాళ్ళ వాటా తొమ్మిది నిమిషాలు తగ్గిందని గమనించారా? ఫోన్ సంగతి కూడా అంతే. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద 54 శాతం. మిగిలినవాళ్ళకి ఫోన్ ఉంటే అది మొగుడిది, కొడుకుది, వాళ్ళు ఇచ్చినప్పుడే. ఆటలు ఆడే ఖరీదైన యంత్రాల మాట చెప్పనే అక్కర్లేదు. నేనిప్పటిదాకా చెప్పిన ఓదార్పు కులంతో, డబ్బుతో, ఊరితో ముడిపడి ఉందని మరచిపోవద్దు.

ఇప్పుడు రెండోవైపు. ఈ లోకాలని ఎవరు కట్టారు, ఎవరికోసం కట్టారు? 2000 తర్వాత హైదరాబాదు నెట్ సెంటర్లలో మగపిల్లలు గుంపులుగా కూర్చుని ఆడిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ’ 2002లో వచ్చిన ఓపెన్ వరల్డ్ ఆటే. ఆ నగరంలో ఎటైనా తిరగొచ్చు. స్త్రీలు మాత్రం వీధుల్లో అంగడి సరుకు. డబ్బిచ్చి కొనుక్కున్న స్త్రీని చంపి డబ్బు వెనక్కి తీసుకునే వీలు కూడా ఆట కల్పించింది. ఆ నెట్ సెంటర్లలోకి ఆడపిల్లలు అడుగు పెట్టలేదంటే ఆశ్చర్యం ఏముంది? 2013లో వచ్చిన అయిదో ఆటలో ముగ్గురు నాయకులూ మగవాళ్ళే. 2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’లో ఓటుహక్కు అడుగుతున్న ఒక స్త్రీ వీధిలో నిలబడి ఉంటుంది. ఆమెని కొట్టి, కట్టి, మొసలికి వేసి ఆ వీడియోలు పెట్టి లక్షలమంది చేత చూపించుకున్నారు. అంతకు ముందు 2014లో ఉబిసాఫ్ట్ కంపెనీ ప్రతినిధి ఒకరు, తమ కొత్త ఆటలో స్త్రీ పాత్రని పెడితే కదలికలు గీసే పని రెట్టింపవుతుందని సంజాయిషీ చెప్పారు. ఆడదాని నడక వేరే గీయాలట!

ఈ విషయాలు ఎత్తిచూపినందుకు అనితా సర్కీసియన్ అనే విమర్శకురాలు పడ్డ హింస చిన్నది కాదు. 2014 అక్టోబరులో ఆమె అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో మాట్లాడాల్సి ఉంది. మాట్లాడితే కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. సభకి తుపాకులు తేవడాన్ని అక్కడి చట్టం ప్రకారం ఆపలేమని అధికారులు చెప్పారు. ఆమె ప్రసంగం రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆటలు తయారుచేసే ఆఫీసుల్లో స్త్రీల పరిస్థితి కూడా ఇలాగే ఉంది. యాక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీ మీద కాలిఫోర్నియా రాష్ట్ర సంస్థ 2021 జులైలో స్త్రీల పట్ల వివక్ష చూపారని కేసు వేసింది. 2023 డిసెంబరులో జీతాల్లో, పదోన్నతుల్లో వివక్ష ఆరోపణల మీద సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది.

చిత్రమేమిటంటే, ఇదే బ్లిజార్డ్ తయారుచేసిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లోనే మాట్స్ స్టీన్ అనే నార్వే యువకుడు బతికాడు. కండరాలు క్రమంగా క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీలో ఉన్న అతను 2014లో ఇరవై అయిదేళ్ళకి చనిపోయాడు. స్నేహం, ప్రేమ ఎరక్కుండా పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగులో మరణవార్త పెట్టగానే ఎవరెవరో రాయడం మొదలుపెట్టారు. ఆటలో అతను ఇబెలిన్ అనే పేరుతో తిరిగేవాడు, కష్టంలో ఉన్నవాళ్ళ మాట వినేవాడు. అంత్యక్రియలకి పక్క దేశాల నుంచి కూడా మనుషులు వచ్చారు. 2024లో అతని మీద డాక్యుమెంటరీ వచ్చింది. వికలాంగుల హక్కుల కోసం పనిచేసే మిత్రులు దాన్ని తప్పక చూడాలి. కుర్చీలోంచి లేవలేని మనిషికి ఆ లోకంలో పరుగెత్తడమంటే ఏమిటో అది చెబుతుంది. ఒక సరుకుని తయారుచేసినవాళ్ళ స్వభావం వేరు, దాన్ని మనుషులు వాడుకునే తీరు వేరు అని మార్కెట్ గురించి పరిశోధించే మాబోటివాళ్ళం పాఠాల్లో చెబుతూ ఉంటాం. ఇంత గట్టి సాక్ష్యం దొరకడం అరుదు.

వ్యసనం మాటేమిటి అని తల్లులు అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో ‘గేమింగ్ డిజార్డర్’ ఉంది. నిద్ర, తిండి, చదువు, సంబంధాలు అన్నీ వదిలి, నష్టం కనిపిస్తున్నా ఆపలేక, సాధారణంగా ఏడాదిపాటు సాగితే దాన్ని జబ్బు అంటారు. ఆడేవాళ్ళలో కొద్దిమందికే ఇది వర్తిస్తుందని ఆ సంస్థే చెప్పింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో దాదాపు 39 వేలమంది ఆటగాళ్ళ అసలు ఆట సమయాలని కంపెనీల దగ్గర తీసుకుని పరిశీలిస్తే, ఎన్ని గంటలు ఆడారన్నదానికీ మనసు బాగుండడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఇష్టంతో ఆడుతున్నారా, ఆడక తప్పదన్నట్టు ఆడుతున్నారా అన్నదానికి మాత్రం సంబంధం కనిపించింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీలాంటివి వేరే జాతి. అప్పులపాలై ఆత్మహత్యలు చేసుకున్న కుటుంబాలని మనం చూశాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. జూదాన్నీ ఆటనీ కలిపేసి ‘ఫోన్ పాడుచేసింది’ అనే మాట ఇళ్ళలో చివరికి ఎవరి ఫోన్ లాక్కోవడానికి పనికొస్తోందో మీకు తెలుసు. రమ్మీలో లక్షలు పోగొట్టింది తండ్రి, ఫోన్ పోయింది కూతురికి. అలాంటి కేసులు ఈ హాల్లోనే రెండు మూడు విన్నాను.

ఇప్పుడు నిన్నటి ప్రశ్నకి వస్తాను. విశ్రాంతి, తీరిక హక్కులని 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెప్పింది. స్త్రీలపై వివక్ష నిర్మూలన ఒడంబడికని మన దేశం 1993లో ఆమోదించింది. అందులో 13వ అధికరణం వినోదం, క్రీడలు, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకి సమాన హక్కు ఉందని అంటుంది. ఆస్తి గురించీ, పని గురించీ ఆ ఒడంబడికని కోర్టుల్లో ఎన్నోసార్లు వాడుకున్న మనం ఈ అధికరణాన్ని తెరిచి చూసింది తక్కువ. ఇంట్లో తీరిక అడగని మనమే మన సంస్థల్లో కూడా ఆ అడ్డుగోడ కడుతున్నామని నా అభిప్రాయం.

ఆశ్రయ గృహాలని చూడండి. గృహహింస చట్టం 6వ సెక్షన్ కింద ఆశ్రయం అడిగిన స్త్రీకి చోటివ్వాలి. స్వధార్ గృహాలు 2022 నుంచి శక్తి సదన్లయ్యాయి. నేను వెళ్ళిన కొన్ని హోముల్లో దినచర్య గోడ మీద రాసి ఉంది. ప్రార్థన, యోగా, కుట్టుపని, కౌన్సెలింగ్, పచ్చళ్ళు పెట్టడంలో శిక్షణ. ఖాళీ గంట ఒక్కటీ లేదు. ఖాళీగా ఉంటే ఆలోచిస్తారని, ఆలోచిస్తే ఏడుస్తారని ఒక వార్డెన్ నాతో అన్నారు. ఆవిడ మంచి మనిషి, ఆ మాట ప్రేమతోనే అన్నారు. అక్కడే ఉన్న ఒక యువతి రాత్రి దుప్పటి కింద ఫోన్లో ఏదో అడవిలో ఇల్లు కట్టుకునే ఆట ఆడుతుంటే, ఇంత కష్టంలో ఉండి ఆటలేమిటని ఫోన్ తీసి బీరువాలో పెట్టారు. నేను మాట్లాడితే ఆ అమ్మాయి, “మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడూ రాత్రి అడిగేవాడు మేడం, ఫోన్లో ఏం చేస్తున్నావని” అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఫోన్ల విషయంలో జాగ్రత్త అక్కర్లేదని నేననడం లేదు. ఫోన్ ద్వారా భర్త ఆమె ఉన్నచోటు కనిపెట్టిన సందర్భాలు ఉన్నాయి. లొకేషన్ ఆపడం, పాత సిమ్ తీసేయడం, పాత ఖాతాల పాస్‌వర్డులు మార్చడం మొదటిరోజే చేయించాలి. అపరిచితులతో మాటలు కలిపే ఆటల గురించి హెచ్చరించాలి. అయితే నెట్ లేకుండా ఆడుకునే ఆటలు బోలెడున్నాయి. ‘మైన్‌క్రాఫ్ట్’ లాంటివి ఒకసారి ఎక్కించుకుంటే నెట్ అవసరం లేకుండా ఒంటరిగా ఆడుకోవచ్చు. అందరూ ఆటలే ఆడాలని కాదు, ఒకరికి పుస్తకం, ఇంకొకరికి పాటలు, మరొకరికి ఊరికే గోడకేసి చూడడం. ఆ గంట ఆమెది కావాలి, ఏం చేశావని అడగకూడదు.

రేపు మధ్యాహ్నం హోముల నియమావళి ముసాయిదా చర్చకి వస్తోంది. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్లు కార్యాలయంలో అప్పగించాలన్న నియమాన్ని తీసేసి, భద్రత జాగ్రత్తలని విడిగా రాయాలని ప్రతిపాదిస్తున్నాను. దినచర్యలో రోజుకి కనీసం గంట ఖాళీగా, పేరు పెట్టకుండా వదలాలి. వచ్చినరోజు నింపే కౌన్సెలింగ్ పత్రంలో కష్టాల గురించి నాలుగు పేజీల ప్రశ్నలున్నాయి. మీకేం చేస్తే కాస్త బాగుంటుంది అన్న ప్రశ్న ఒక్కటి కూడా లేదు, దాన్ని చేర్చాలి. ఇంకొకటి, చూడ్డానికి చిన్న విషయమే. నేను చూసిన ఒక హోములో ముప్ఫై మందికి ఛార్జింగ్ ప్లగ్గులు రెండే ఉన్నాయి, ఆ రెండూ వార్డెన్ గదిలో. పడకల దగ్గర ప్లగ్గులు పెట్టించడానికి ఎంత ఖర్చవుతుందో ఎలక్ట్రీషియన్‌ని అడిగి, ఆ అంకె రేపటి చర్చకి తీసుకురండి.